శాంతి దళాల వల్ల నిజంగా ఉపయోగం ఉందా? రాయగడ కుర్రాడి ప్రశ్నకు నా జవాబు

ప్రశ్న రాయగడ నుంచి వచ్చింది. అడిగిన అబ్బాయి పోటీ పరీక్షలకు చదువుతున్నాడు. వాళ్ల అన్నయ్య బెటాలియన్‌తో పాటు దక్షిణ సూడాన్ వెళ్లబోతున్నాడు, ఇంట్లో అమ్మకు నిద్ర లేదట. "రువాండాలో ఎనిమిది లక్షల మందిని నరుకుతుంటే చూస్తూ నిలబడ్డారు. బోస్నియాలో మగవాళ్లను ఏరి బస్సులెక్కిస్తుంటే ఆపలేదు. ఇలాంటి ఐక్యరాజ్యసమితి దళం ఎవరికి ఉపయోగం? మనవాళ్లు అంత దూరం వెళ్లి ఎందుకు చావాలి?" అని అడిగాడు. అప్పటికే నలుగురైదుగురు "అంతా డాలర్ల కోసమే" అని తేల్చేశారు కూడా.

నాది గుణుపురం. సైన్యంలో సిగ్నల్స్‌లో చేరి సుబేదారుగా రిటైరయ్యాను. కాంగోలోని ఉత్తర కివూలోనూ, ఆ తర్వాత దక్షిణ సూడాన్‌లోనూ ఐరాస శాంతి దళం నీలి టోపీ పెట్టుకున్నాను. రేడియో సెట్టు దగ్గర కూర్చున్నవాడికి పైనుంచి దిగే ఆర్డరూ వినపడుతుంది, కింద పోస్టు నుంచి వచ్చే కేకా వినపడుతుంది. ఆ రెండింటి మధ్య ఎంత దూరం ఉంటుందో తెలిసినవాడిగా చెబుతున్నాను.

ఉపయోగం ఉంది బాబూ. కొట్టుకునేవాళ్లు అలసిపోయి, ఏదో ఒక ఒప్పందానికి వచ్చి, "మధ్యలో ఒకడు నిలబడితే మేమూ ఆగుతాం" అనుకున్న చోట చాలా బాగా పనిచేస్తుంది. యుద్ధం ఇంకా మండుతున్న చోటికి పంపితే మాత్రం, మా బండి కనపడినంత మేర, మా గేటు మూసినంత లోపల, అంతవరకే పనిచేస్తుంది. నువ్వు చెప్పిన రెండూ ఈ రెండో రకం.

ఒక్కమాట ముందే చెప్పాలి. ఈ చర్చలో ఇద్దరు శ్రీలంక సంగతి తెచ్చారు. 1987 నుంచి 1990 దాకా అక్కడున్నది ఐరాస దళం కాదు, ఇండియా, శ్రీలంక రాసుకున్న ఒప్పందం మీద వెళ్లిన మన సైన్యం. ఒప్పందాన్ని కాపాడటానికి వెళ్లి, చివరికి అదే ఒక పక్షమై టైగర్లతో పోరాడింది. వెయ్యిమందికి పైగా జవాన్లు పోయారు. దాని పాఠాలు దానికున్నాయి, ఈ లెక్కలో కలపకండి.

ఇక రువాండా. అక్కడి దళాధిపతి కెనడా జనరల్ రోమియో డల్లేర్. 1994 జనవరి 11న ఆయన న్యూయార్క్‌లోని ఐరాస కేంద్రానికి వర్తమానం పంపాడు. హుటూ తీవ్రవాదులు ఆయుధాలు దాస్తున్నారు, చంపడానికి మైనారిటీ టుట్సీల పేర్లు రాసుకుంటున్నారు, ఆ ఆయుధాలు పట్టుకోవడానికి వెళతాను అని. నీకు మండలి ఇచ్చిన అధికారంలో (మ్యాండేట్‌లో) అది లేదు, వద్దన్నారు. ఏప్రిల్ 6న అధ్యక్షుడి విమానం కూలింది, మర్నాడే దళంలోని పదిమంది బెల్జియం సైనికులను పట్టుకుని చంపారు. చంపినవాళ్ల లెక్క ఒకటే: తెల్లవాళ్ల శవాలు కొన్ని పడితే మిగతావాళ్లు మూట కట్టుకుంటారు. సరిగ్గా అదే జరిగింది. బెల్జియం తన దళాన్ని లాగేసుకుంది. ఏప్రిల్ 21న భద్రతా మండలి సమావేశమై, సుమారు 2,500 మంది ఉన్న దళాన్ని 270కి తగ్గించమని తీర్మానం చేసింది. ఊచకోత మొదలై అప్పటికి రెండు వారాలు.

డల్లేర్ ఆ లెక్కకు దిగలేదు. నాలుగైదు వందల మందిని అట్టేపెట్టుకున్నాడు, వాళ్లలో ఎక్కువమంది ఘనా సైనికులు. తిండీ మందులూ సరిగ్గా లేకుండానే ఆ కొద్దిమంది కిగాలీ స్టేడియం లాంటి చోట్ల తలదాచుకున్న వేలమందిని బతికించారు. "చూస్తూ నిలబడ్డారు" అనే మాట నాకు అందుకే మింగుడుపడదు. నిలబడ్డ చోట జనం చాలావరకు బతికారు. నిలబడటానికి మనుషులనివ్వనిది న్యూయార్క్‌లోని బల్ల.

బోస్నియాలోని స్రెబ్రెనిత్సాదీ అదే కథ, ఇంకా సిగ్గుమాలిన తీరులో. 1993లో ఆ ఊరిని 'సేఫ్ ఏరియా' అని ప్రకటించారు. ఇలాంటి ఊళ్లన్నిటినీ కాపాడాలంటే 34,000 మంది కావాలని సైనికాధికారులు లెక్క కట్టారు. మండలి సుమారు 7,600 మందితో సరిపెట్టింది. 1995 జులైలో బోస్నియా సెర్బుల జనరల్ మ్లాదిచ్ సేనలు దిగేసరికి అక్కడున్నది చేతి ఆయుధాలతో కొన్ని వందల మంది డచ్ సైనికులు. అడిగిన విమాన దాడి సమయానికి రాలేదు. సుమారు 8,000 మంది ముస్లిం మగవాళ్లనూ, మగపిల్లలనూ చంపేశారు. డచ్ సైనికులకు మచ్చ లేదని అనను, గేటు బయటికి జనాన్ని పంపించింది వాళ్లే. కానీ రక్షిస్తామని కాగితం మీద రాసి, రక్షణకు కావలసింది ఇవ్వకపోవడం పెద్ద పాపం. ఆ మాట నమ్మి జనం అక్కడికి చేరారు కదా.

సరే, ఓడినవి అందరికీ గుర్తున్నాయి. నెగ్గినవి చెప్పమంటే పరీక్షలకు చదివేవాళ్లు కూడా నీళ్లు నములుతారు. నమీబియా 1989–90లో ఐరాస చూస్తుండగా ఎన్నికలు పెట్టుకుని స్వతంత్రమైంది, అక్కడ దళాధిపతి మన జనరల్ దేవాన్ ప్రేమ్ చంద్. మొజాంబిక్‌లో పదిహేనేళ్లు దాటిన అంతర్యుద్ధం 1992 ఒప్పందంతో ఆగింది, 1994లో ఎన్నికలయ్యాయి, దళం మూటాముల్లె సర్దుకుని వచ్చేసింది. లైబీరియాలో 2003 నుంచి 2018 దాకా ఉండి వచ్చారు. 2007లో మన సీఆర్పీఎఫ్ ఆడపిల్లల దళం వెళ్లింది అక్కడికే, ప్రపంచంలో అలాంటి మహిళా పోలీసు యూనిట్ అదే మొదటిది.

వీటన్నిటిలో సియెర్రా లియోన్ కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఒకే మిషన్ ముందు ఘోరంగా ఓడి, తర్వాత నెగ్గిన చోటు అది. 2000 మే నెలలో తిరుగుబాటుదారులు దాదాపు 500 మంది శాంతి సైనికులను బందీలుగా పట్టుకున్నారు. కైలాహున్‌లో మన సైన్యం కంపెనీలు రెండు చుట్టుముట్టుడులో ఇరుక్కున్నాయి, రెండు నెలలకు పైగా. మేజర్ జనరల్ వి.కె. జెట్లీ నాయకత్వంలో జులై నడిమిలో ఆపరేషన్ ఖుక్రీ చేసి, హెలికాప్టర్లతో, పారా కమాండోలతో, వర్షంలో అడవి చీల్చుకుని బయటపడ్డారు. ఆనాటికి ప్రపంచ పత్రికలన్నీ మిషన్ చచ్చిందనే రాశాయి. తర్వాత మన దళం వెనక్కి వచ్చేసింది, ఆ రాజకీయం వేరే.

ఆ పైన ఏం మారింది? దళాన్ని 17,500 దాకా పెంచారు. బ్రిటన్ తన సైన్యాన్ని విడిగా దింపి, అవసరమైతే మళ్లీ వస్తామని చాటింది. తిరుగుబాటుదారులకు వజ్రాలు కొని తుపాకులు అమ్ముతున్న లైబీరియా అధ్యక్షుడు ఛార్లెస్ టేలర్ మీద ఆంక్షలు పడ్డాయి. డబ్బు దారి మూసుకుపోయేసరికి అడవిలో ఉన్నవాళ్లకు ఒప్పందం తీపెక్కింది. సుమారు 75,000 మంది ఆయుధాలు అప్పగించారు. 2002 జనవరిలో యుద్ధం ముగిసిందని ప్రకటించారు, 2005 డిసెంబరులో దళం ఇంటికొచ్చింది. అక్కడ మళ్లీ అలాంటి యుద్ధం రాలేదు. అదే దేశం, అదే నీలి టోపీ. వెనకనున్న పట్టుదలే వేరు.

లెక్కలు కావాలంటే ఉన్నాయి. కొలంబియా విశ్వవిద్యాలయంలో వర్జీనియా పేజ్ ఫోర్ట్నా అనే ఆచార్యురాలు అంతర్యుద్ధాలు ఆగిన దేశాలన్నిటినీ పరిశీలించారు. శాంతి దళం ఉన్న చోట యుద్ధం తిరిగి రాజుకునే ప్రమాదం సగానికి పైగా తగ్గిందని తేల్చారు. ఇందులో ఒక మెలిక ఉంది, నీ పరీక్షలకూ పనికొస్తుంది. తేలిగ్గా సర్దుకునే చోటికి దళాన్ని ఎవరూ అడగరు, పంపరు. అందరూ చేతులెత్తేసిన చోటికే పంపుతారు. కాబట్టి వెళ్లిన దేశాలనూ వెళ్లని దేశాలనూ ఊరికే పక్కపక్కన పెట్టి చూస్తే దళాలు పనికిరానట్టే కనపడుతుంది. కష్టం ఎంతో సరిచూసి లెక్క కడితేనే అసలు ఫలితం బయటపడుతుంది. లీసా హల్ట్‌మన్ బృందం ఇంకోటి చూపించింది: సాయుధ సైనికులూ పోలీసులూ ఎక్కువయ్యేకొద్దీ పౌరుల చావులు తగ్గాయి, ఉత్త చేతుల పరిశీలకులను పెంచితే ఆ ఫలితం రాలేదు. మాకు ఇది వింత కాదు. నోటుబుక్కుకు ఎవడు భయపడతాడు?

ఇప్పుడు మీ అన్నయ్య వెళ్లే చోటు. 2013 డిసెంబరులో జూబాలో అధ్యక్షుడు సాల్వా కీర్ మనుషులూ, ఆయన పదవి నుంచి తీసేసిన ఉపాధ్యక్షుడు రియెక్ మచార్ మనుషులూ కాల్చుకోవడం మొదలెట్టగానే వేలమంది ఐరాస స్థావరాల గేట్ల మీద పడ్డారు. గేట్లు తీశారు. అంతకు ముందు ఏ మిషనూ ఆ స్థాయిలో చేయని పని అది. ఏదో రెండు మూడు రోజులనుకుంటే ఏళ్లు గడిచాయి, ఒక దశలో 2,00,000 మందికి పైగా ఆ కంచెల లోపలే బతికారు. ఊరికే బతకలేదు. అదే నెలలో అకోబో పోస్టు మీద రెండు వేల మంది దాకా సాయుధులు విరుచుకుపడి, లోపల తలదాచుకున్నవాళ్లను చంపారు, అడ్డుపడ్డ ఇద్దరు భారత జవాన్లనూ చంపారు. ఆ ఏడాదే ఏప్రిల్‌లో జోంగ్లేలో కాన్వాయ్ మీద దాడిలో మనవాళ్లు అయిదుగురు పోయారు.

కంచె లోపల అంతమంది ఉంటే పొయ్యిలో కట్టె కావాలి. బయటికెళ్లి కట్టెలు తేవాల్సింది ఆడవాళ్లే. మగవాడు వెళ్తే చంపేస్తారు, ఆడది వెళ్తే చెరుస్తారు కానీ ప్రాణంతో తిరిగొస్తుంది: ఇంటింటా ఇదే లెక్క. అందుకని కట్టెల పెట్రోలింగ్ మొదలైంది. పొద్దున్నే గేటు దగ్గర ఆడవాళ్లు గొడ్డళ్లూ తాళ్లూ పట్టుకుని వరసగా కూర్చుంటారు. ముందొక బండి, వెనకొక బండి, మధ్యలో వాళ్లు నడక. చెట్లు మొదలయ్యే దగ్గర జవాన్లు విడివిడిగా చుట్టూ కూర్చుంటారు. లోపల గొడ్డళ్ల చప్పుడు, మాటలు. ఎండెక్కేసరికి నెత్తిన మోపులతో అందరూ వెనక్కి. పెట్రోల్ కమాండర్ సెట్టులో నాకు రిపోర్టు చెప్పేవాడు: నిల్, అంటే ఏమీ జరగలేదని. నేను అదే పైకి పంపేవాడిని: నిల్.

ఈ 'నిల్' ఏ లెక్కలోకీ ఎక్కదు, ఏ పేపరూ రాయదు. పెట్రోలింగ్ లేని రోజున, డీజిల్ రాక బండి కదలని రోజున ఆగలేక బయటికి వెళ్లినవాళ్ల సంగతి మాత్రం ఆ సాయంత్రం ఆసుపత్రి టెంటు దగ్గర తెలిసేది. దళం వల్ల ఉపయోగం ఏమిటని ఎవరైనా అడిగితే, ఆ రెండు రకాల రోజులను పక్కపక్కన పెట్టి చూడమంటాను.

పరిమితులూ అక్కడే కనపడ్డాయి. దేశంలో చాలాభాగం నల్లరేగడి. వానలు పడ్డాక నెలల తరబడి బండ్లు కదలవు, హెలికాప్టరే దిక్కు. హెలికాప్టర్ ఎగరాలంటే స్థానిక సైన్యం భద్రతకు హామీ ఇవ్వాలి. మనం ఎవరి మనుషుల నుంచి జనాన్ని కాపాడాలో, అనుమతి వాళ్లనే అడగాలన్నమాట. రోడ్డు మీద చెక్‌పోస్టు, "పై నుంచి ఫోన్ రాలేదు" అంటాడు ఒక కుర్ర సైనికుడు, బెటాలియన్ ఆగిపోతుంది. తోసుకుని వెళ్లొచ్చు. వెళ్తే రేపటి నుంచి ఆ దారిలో రేషన్ రాదు. 2016 ఫిబ్రవరిలో మలకాల్ శిబిరంలోకి సాయుధులు చొరబడి పాతిక మందికి పైగా చంపారు, గుడారాలు తగలబెట్టారు. అప్పుడు శాంతి సైనికులు ఆలస్యంగా, తడబడుతూ కదిలారని ఐరాస విచారణే తప్పుపట్టింది. అనుమతి లేని చోట ఆగడం ఒకటి, సొంత కంచె లోపల ఆగడం ఇంకోటి. రెండోదానికి సాకు లేదు.

కాంగో గురించి నా అభిప్రాయం చాలామంది ఆఫీసర్లకు నచ్చదు. 2012 నవంబరులో ఎం23 తిరుగుబాటుదారులు గోమా పట్నంలోకి నడిచి వచ్చారు, ఐరాస దళం అడ్డుకోలేదు. పరువు పోయింది. 2013లో మండలి 2098వ తీర్మానంతో, దాడికి దిగే అధికారమున్న ప్రత్యేక బ్రిగేడ్‌ను పెట్టింది, దక్షిణాఫ్రికా, టాంజానియా, మలావీ సైనికులతో. ఆ నవంబరుకల్లా ఎం23 ఓడిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. రువాండా ప్రభుత్వం వాళ్ల వెనక ఉందని ఐరాస నిపుణులే పదే పదే రాసినా, ఆ తీగ ఎవరూ తెంపలేదు. 2025 జనవరిలో అదే ఎం23 అదే గోమాను మళ్లీ పట్టుకుంది.

తుపాకీతో గెలిచిన దాన్ని రాజకీయం నిలబెట్టకపోతే అంతే. పైగా ఒకసారి దాడికి దిగిన దళం అందరి కళ్లకూ ఒక పక్షమే, మారుమూల పోస్టులో ముప్పై మందితో కూర్చున్న కంపెనీ కూడా. జనానికి ఓపిక పోయింది. 2022 జులైలో బుటెంబోలో జనం ఐరాస స్థావరం మీద పడ్డప్పుడు ఇద్దరు బీఎస్‌ఎఫ్ జవాన్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కొరాపుట్, మల్కన్‌గిరి వైపు ఉండేవాళ్లకు బీఎస్‌ఎఫ్ క్యాంపులు కొత్త కాదు, ఆ వార్త మనవైపు గట్టిగానే తగిలింది. దాడి పని కావాలంటే దానికి సిద్ధపడ్డ దేశాలు సొంత జెండా కింద చేయాలి, నీలి టోపీకి ఆ పని అప్పజెప్పకూడదు. ఇది నా మాట.

ఆతిథ్య దేశం పొమ్మంటే పోవాల్సిందే. 1967లో ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ పొమ్మన్నాడు, సినాయ్, గాజాల్లో పదేళ్లుగా ఉన్న దళం సర్దుకుంది. పూర్తిగా వెళ్లకముందే యుద్ధం వచ్చిపడి గాజాలో మన జవాన్లు చనిపోయారు. 2023లో మాలీ పాలకులు పొమ్మన్నారు, ఏడాది తిరగకుండా ఖాళీ చేశారు. మాసిడోనియాది ఇంకా విడ్డూరం. యుద్ధం రాకముందే సరిహద్దులో దళాన్ని పెట్టి, రాకుండా ఆపిన అరుదైన మిషన్ అది. ఆ దేశం తైవాన్‌ను గుర్తించిందని 1999లో చైనా వీటో వేసి దాన్ని మూసేసింది.

ఇక్కడ ఆంధ్ర, ఒడిశా సరిహద్దులోని మన కొటియా గుర్తొస్తుంది. సాలూరు, పొట్టంగి మధ్య ఆ 21 ఊళ్ల తగాదా 1968 నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లి, యథాతథ స్థితి అనే దగ్గర ఆగింది. జనానికి రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి. 2021లో ఆంధ్ర పంచాయతీ ఎన్నికలు పెడితే గొడవైంది, మళ్లీ సద్దుమణిగింది. పోట్లాట ముదరదు, తెగదు. సైప్రస్‌లో గ్రీకు, టర్కిష్ జనాల మధ్య శాంతి దళం చేసిందీ ఇంతే. 1964 నుంచి అక్కడే ఉంది, మన జనరల్ తిమ్మయ్య 1965లో ఆ డ్యూటీలోనే కన్నుమూశారు. మధ్య గీత మీద ఇప్పుడు చావుల్లేవు. చావుల్లేవు కాబట్టి ఒప్పందానికి తొందరా లేదు. దీన్ని ఓటమి అనేవాళ్లున్నారు. పిల్లలను బడికి పంపే తల్లులు అలా అనరనుకుంటాను.

తప్పుల సంగతి దాచకూడదు. 2010లో హైతీకి కలరా తెచ్చింది శాంతి సైనికుల స్థావరం మురుగే. పదివేల మంది దాకా పోయారు. ఐరాస తన పాత్ర ఒప్పుకోవడానికి 2016 దాకా పట్టింది. కాపాడాల్సిన ఆడపిల్లల మీదే చెయ్యి వేసిన సైనికులూ ఉన్నారు, చాలా దేశాలవాళ్లు. నేరం చేసినవాడిని ఐరాస ఇంటికి పంపగలదు, శిక్షించాల్సింది వాడి సొంత దేశమే. చాలాసార్లు అది జరగదు. ఈ ఒక్కటి మారకపోతే మిగతా సంస్కరణలన్నీ గోడకు సున్నం.

డాలర్ల మాటకొస్తే, సైనికుడికి నెలకు 1,400 డాలర్లకు పైగా లెక్కకట్టి ఐరాస చెల్లించేది ప్రభుత్వానికి. వెళ్లినవాడికి అలవెన్సు మంచిదే వస్తుంది, కాదనను. మా లైన్లో ఆ డబ్బుతో ఇల్లు పూర్తి చేసుకున్నవాళ్లున్నారు. కానీ మొత్తం ఖర్చు చూడు: 2024–25కి అన్ని మిషన్లకూ కలిపి సుమారు 560 కోట్ల డాలర్లు, ప్రపంచం సైన్యాల మీద పెట్టే ఖర్చులో అర శాతం కూడా కాదు. అందులో పావు వంతుకు పైగా అమెరికా కట్టాలి, బాకీ పెడుతుంది. చైనా ఆలస్యంగా కడుతుంది. 2025 అక్టోబరులో డబ్బు చాలక తొమ్మిది మిషన్లలో నాలుగో వంతు మందిని తగ్గిస్తున్నట్టు చెప్పారు. కట్టెల పెట్రోలింగ్‌లో ఒక బండి తగ్గడమంటే ఇదే.

ఇక మీ అమ్మగారికి చెప్పాల్సింది. 1948 నుంచి ఇప్పటిదాకా 4,400 మందికి పైగా శాంతి సైనికులు చనిపోయారు, అన్ని దేశాల కంటే ఎక్కువ ప్రాణాలిచ్చింది మనమే. అయితే ఆ మొత్తంలో దాడుల్లో పోయినవాళ్లు మూడో వంతు కూడా లేరు. మిగతావి ఎక్కువగా ప్రమాదాలూ, జబ్బులూ. కాబట్టి మీ అన్నయ్యకు తుపాకీ గురించి జాగ్రత్తలు నువ్వు చెప్పక్కర్లేదు, అవి ఢిల్లీలో ట్రైనింగులో చెబుతారు. రెండే చెప్పు. బండిలో బెల్టు పెట్టుకోమను, పాత డ్రైవర్లే దాన్ని లెక్కచేయరు. మలేరియా మాత్ర ఒక్క డోసూ మానొద్దను. మన రాయగడ, కొరాపుట్ వాళ్లతో వచ్చే చిక్కు ఇదే, "చిన్నప్పటి నుంచి చూస్తున్న జ్వరమే కదా" అని మాత్ర పారేస్తారు. తిరిగొచ్చాక కూడా డాక్టరు చెప్పినన్ని వారాలు వేసుకోవాలి. ఆ తర్వాత ఎప్పుడు జ్వరమొచ్చినా, ఆసుపత్రిలో ముందుగా ఆఫ్రికా నుంచి వచ్చానని చెప్పమను.